రాజుగారి మేడలో డిప్లొమా క్లాసులు

వనపర్తి రాజావారి మేడ ఎక్కడ అనడిగితే ఊళ్లోవాళ్లు పాలిటెక్నిక్ దారి చూపిస్తారు. రెండూ ఒకటే మరి! 1959లో నెహ్రూ చేతుల మీదుగా ఆ మేడలో కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ మొదలైంది. పిల్లల నోట అది కేడీఆర్. మేడ ఇచ్చిన రాజా రామేశ్వరరావు అప్పటికే మహబూబ్‌నగర్ ఎంపీ, తర్వాత్తర్వాత ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తకాల సంస్థకు పెద్ద. ఈయన పూర్వీకుడు ఒకాయన ఆఫ్రికన్ ఆశ్విక దళాన్ని పోషించి నిజాంకు అప్పగించాడు. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేట ఆ దళానిదే.

నాకు సరదా వేసిన సంగతి ఇంకొకటుంది. అదే 1959లో దగ్గర్లోనే, రాజమాత సరళాదేవి పేరిట, సరళాసాగర్ ప్రాజెక్టు కూడా పూర్తయింది. దానికి గేట్లెత్తే మనిషి అక్కర్లేదు. మట్టం హద్దు దాటితే సైఫన్‌లోని గాలిని నీళ్లే లాగేసుకుని కిందికి దూకుతాయి. మట్టం దిగితే గాలి చొరబడి ప్రవాహం ఆగిపోతుంది. సివిల్ డిప్లొమా పిల్లలకు ఇంతకన్నా మంచి ల్యాబు ఏముంది? 2019 డిసెంబరు 31న దాని మట్టికట్ట తెగిపోయింది. చదువుకునేవాళ్లకు అదీ పాఠమే.

వనపర్తి లాంటి మరో సంస్థానం గద్వాల దగ్గరికొస్తే నా కలం ఆగదు. పదిహేడో శతాబ్దంలో సోమభూపాలుడు కట్టించిన కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఈ సంస్థానాన్ని ఒకప్పుడు విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల, అన్నారు. కార్తీకంలో, మాఘంలో పండితులు దూరాభారం లెక్కచేయక ఇక్కడికి వచ్చేవారు. శాస్త్ర చర్చలు, అవధానాలు, చివర్లో శాలువాలు, వార్షికాలు. వార్షికం అంటే ఏడాదికోసారి ముట్టే సంభావన. ఒకసారి దొరికితే పండితుడి ఇంట్లో ఏడాదికి సరిపడా ధైర్యం. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి చుట్టిన ముచ్చట్లను వాళ్ల ‘నానారాజ సందర్శనము’లో చదవొచ్చు. రాజులను కూడా మొహమాటం లేకుండా పలకరించే ధీమా వాళ్లది! ఈ గడ్డవాడే సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మందిని నిలబెట్టాడు. 1952లో ఆయన్ని ఎమ్మెల్యేగా గెలిపించింది వనపర్తే.

గద్వాల పండిత సభలు పోయాయని నాకు బెంగే. కానీ గొర్లు కాసేవాడి కొడుకుకు అక్కడ పీట వేసిందెవరు? ఇప్పుడు అదే కోటలోకి వాడి మనవరాలు హాల్‌టికెట్ పట్టుకుని నడిచి వెళ్లొచ్చు. ఈ మార్పిడిలో మనకు లాభమే మిగిలింది. నష్టమల్లా రాజుల మేడలను తరగతి గదులుగా వాడుకున్నాం గానీ మేడలుగా చూసుకోలేదన్నదే. సున్నం రాలిన గోడకు సిమెంటు మెత్తడం మరమ్మతు కాదు.

నాగర్‌కర్నూల్ ఊరికి ఇలాంటి రాజభవనం కథ లేదు. ఆ లోటు పక్కనున్న పాలెం తీర్చింది. ఆ పల్లెలో వెంకటేశ్వరస్వామి పేరిట ప్రాచ్య కళాశాల, దానితోపాటు వ్యవసాయ పరిశోధనా కేంద్రం వెలిశాయి. తోటపల్లి సుబ్రహ్మణ్యశర్మ పట్టుదల అది. పాలెం సుబ్బయ్య అంటేనే జనానికి తెలుస్తుంది.

ఈ ప్రాంతానికి తర్వాత పెద్ద చదువులూ వచ్చాయి. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. అయినా పదో తరగతి గట్టెక్కిన పిల్లాడికి తక్కువ ఖర్చులో మంచి దారి పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయడమే. ఆపైన ఈసెట్ రాస్తే నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏట చేరొచ్చు.

గద్వాల కాలేజీ పెద్దలకు ఒక మనవి: ఏటా కార్తీకంలో కోటలో ఒక సభ పెట్టండి. వార్షికాలు ఇవ్వక్కర్లేదు, వచ్చినవాళ్లకు బస్సు చార్జీలిస్తే చాలు.