హుక్ తీగ నుంచి రైలు చక్రాల దాకా

1676లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ లండన్‌లో అచ్చువేయించిన ఒక పుస్తకం చివర్లో అర్థంకాని అక్షరాల వరుస ఒకటుంది. తాను కనిపెట్టిన నియమాన్ని ఇంకెవరూ తమదనకుండా, లాటిన్ వాక్యంలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి దాచాడు. రెండేళ్లకు, 1678లో, స్ప్రింగుల మీద రాసిన పుస్తకంలో ఆ ముడి తానే విప్పాడు: ఎంత సాగితే అంత బలం.

అందులో చెప్పిన ప్రయోగాల్లో ఒకటి, 20 నుంచి 40 అడుగుల తీగను మేకుకు వేలాడదీసి, కింద పళ్లెం కట్టి బరువులు వేయడం. అంత పొడవెందుకంటే, పొట్టి తీగ సాగినా కంటికి ఆనదు. పొడవాటి తీగలో ప్రతి అడుగూ అదే బరువును మోస్తుంది, తన వంతు సాగుతుంది. ఆ సాగుదలలన్నీ కలిసి కనిపిస్తాయి. శ్రేణి సంధానమంటే ఇదే. పక్కనే అలాంటి తీగ ఇంకొకటి కడితే రెండూ ఒకే మేర సాగుతాయి, బరువును పంచుకుంటాయి. అది సమాంతర సంధానం.

1807లో థామస్ యంగ్ ప్రచురించిన స్థితిస్థాపక గుణకం, 1826లో ఫ్రెంచి ఇంజనీరు నేవియే దానికిచ్చిన నేటి రూపం ఈ సంగతిని లెక్కలోకి తెచ్చాయి. తీగ దృఢత్వం అడ్డుకోత వైశాల్యంతో పెరుగుతుంది, పొడవుతో తగ్గుతుంది. వైశాల్యం సమాంతరానికి, పొడవు శ్రేణికి గుర్తు.

మీటరుకు 200, 300 న్యూటన్ల దృఢత్వమున్న స్ప్రింగులు రెండు తీసుకుందాం. సమాంతరంగా ఉంటే బలాలు కలుస్తాయి కనుక తుల్య దృఢత్వం 500. శ్రేణిలో సాగుదలలు కలుస్తాయి కనుక విలోమాలను కూడి, ఆ మొత్తానికి మళ్లీ విలోమం తీయాలి; వచ్చేది 120. రెండింటిలో మెత్తనిదానికన్నా మెత్తన! స్ప్రింగును సగానికి కోస్తే ఒక్కో ముక్క రెట్టింపు గట్టిపడేదీ ఇందుకే.

1867లో ఫ్రాన్స్‌లో జూలియన్ బెల్‌విల్ పేటెంటు పొందిన పళ్లెపు స్ప్రింగుల్లో రెండు పద్ధతులూ ఒకేచోట కుదురుతాయి. పళ్లేలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చితే సమాంతరం, బోర్లా వెల్లకిలా మార్చి పేర్చితే శ్రేణి. మన రైలుపెట్టెల కిందా ఇదే సూత్రం. పెద్ద స్ప్రింగు లోపల చిన్నది అమర్చితే రెండూ సమాంతరంగా పనిచేస్తాయి. ఇరుసు మీది స్ప్రింగులు, వాటిపైన పెట్టెను మోసేవి కలిసి శ్రేణి అవుతాయి.

విద్యుత్ నిరోధాల సూత్రం దీనికి తలకిందులు కావడంతో బట్టీపట్టిన విద్యార్థి తడబడతాడు. సూత్రం కన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ స్ప్రింగులకు ఉమ్మడిగా ఉన్నది బలమా, సాగుదలా? ఎంత చిక్కు అమరికైనా, జంట తర్వాత జంటగా ఈ ప్రశ్న అడుగుతూ పోతే, చాలావరకు ఒకే స్ప్రింగుగా తేలుతుంది.