శెనిక్కాయ సాళ్ల వెనక నడిచినోళ్లు

ఈసారి రాజుల గురించి కాదు, గొర్రు గురించి రాస్తున్నా.

శెనిక్కాయ మన దేశం పంట కాదు. దక్షిణ అమెరికాలో, ఇప్పటి బొలీవియా వైపు ఆదివాసులు వేల ఏళ్ల కిందట దాన్ని పంటగా మలిచినారు. గొర్రు మాత్రం మనదే. 1790లలో థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ దక్షిణాదిలో గొర్రు తోలడం చూసి, సాళ్లలో విత్తే పనిముట్టు యూరప్ వాళ్లు కనిపెట్టిందే అనుకుంటినే అని ఆశ్చర్యపోయి రాసినాడు.

పులివెందుల ఎర్రనేలల్లో వాన మీద వేసే శెనిక్కాయకు సాలుకూ సాలుకూ 30 సెం.మీ., మొక్కకూ మొక్కకూ 10 సెం.మీ. ఉండాలంటారు. ఎకరాకు సుమారు 1.33 లక్షల మొక్కలు. నీళ్లుండే రబీలో సాలు ఎడం 22.5 సెం.మీ.కి తగ్గిస్తే 1.78 లక్షలు పడతాయి. వాన మీద అంత ఒత్తుగా వేస్తే ఉన్న కాస్త తేమకూ మొక్కలు కొట్లాడుకుంటాయి. మరీ పల్చనైతే కలుపు లేస్తుంది. సాలు తిన్నగా ఉంటేనే గుంటక తోలొచ్చు, అది కూడా ఊడలు దిగేలోపే. ఏడు సాళ్లకొక కంది సాలు వేసేది కరువు భయంతోనే: శెనిక్కాయ ఎండినా, వెనక వానకు కంది నిలబడుతుంది.

ఆ 30 సెం.మీ. గొర్రు చేసిన వడ్రంగి చేతిలో ఉండేది. 10 సెం.మీ. మాత్రం వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలే మనిషి చేతిలో ఉండేది. ఆ మనిషి ఎక్కువగా ఆడకూలీ. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన సుగాలీల బేరాన్ని రైలు దెబ్బతీసినాక, మన తండాల ఆడవాళ్లూ ఈ కూలికి దిగినారు. దిగుబడి లెక్కల్లో ఆ చేతికి ఏ కాలమూ లేదు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి కథ వేరు. అక్కడ పాత నూనెపంట కుసుమ. పొద్దుతిరుగుడు రష్యా నుంచి మన దేశానికి 1969లో వచ్చింది. రేగడిలో దానికి 60 సెం.మీ. సాలు, 30 సెం.మీ. మొక్క ఎడం. ఒత్తుగా వేస్తే పువ్వు చిన్నదవుతుంది. మరీ ఎడంగా వేస్తే పువ్వు పెద్దదే, నడుమ తాలు ఎక్కువ.

అరకు ఆదివాసులు వలిసెలు చల్లుతారు కదా, దాన్ని వెనకబాటు అనేవాళ్లను చూస్తే నాకు చిరాకు. కొండవాలులో గొర్రు ఎట్ల తోలతారు?

ఇప్పుడు ట్రాక్టర్ గొర్రు వచ్చింది, ఎడం సంగతి ప్లేటు చూసుకుంటుంది. జడ్డిగంలో గింజలు వదిలిన అవ్వలు తండాల్లో ఇంకా ఉన్నారు. పిడికిట్లోంచి గింజ ఎట్ల జార్చేవాళ్లో అడిగితే చేసి చూపిస్తారు.