గొలుసు కొలత మీద ఉపగ్రహ గీత

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల భూమికి రెండు రకాల కొలతలు ఉన్నాయి. ఒకటి పంతొమ్మిదో శతాబ్దంలో సర్వే సిబ్బంది గొలుసు పట్టి కొలిచి కాగితం మీదికి ఎక్కించినది. రెండోది ఉపగ్రహ సంకేతాలను అందుకునే జీపీఎస్ పరికరం చేతపట్టుకొని గట్టు వెంట నడిస్తే తెర మీద గీతగా పడేది. పాత పటాన్ని స్కాన్ చేసి దాని మీద ఈ కొత్త గీతను పరచి చూసినప్పుడు అవి రెండూ చాలాచోట్ల కలవవు. కలవకపోవడానికి కారణాలు కొంత పరికరాల్లో, కొంత కాగితంలో, మిగిలినవి ఈ మూడు ఊళ్ల చుట్టూ నేల, నీరు, దారులు గడిచిన నూట యాభై ఏళ్లలో మారిన తీరులో ఉన్నాయి గనుక, ఆ తేడాను పాత సర్వేదారు పొరపాటుగా కొట్టివేయడం తొందరపాటే అవుతుంది.

పటం రాకముందు ఈ ప్రాంతంలో పొలం హద్దు మాట మీద నిలిచేది. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన తరువాత కూడా శిస్తు వసూలు జమీందారుల ద్వారానే సాగింది. రేపల్లె అటువంటి జమీందారీలలో ఒకటి. ఏ పొలం ఎవరిది, ఎంత అన్న ఎరుక కరణం లెక్కల్లోనూ, ఊరి పెద్దల జ్ఞాపకంలోనూ ఉండేది. కాలిన్ మెకంజీ, ఆయన కింద పనిచేసిన కావలి సోదరులు, తదితర పండితులు సేకరించిన కైఫియత్తులలో, అంటే స్థానికుల చేత చెప్పించి రాయించిన గ్రామ వృత్తాంతాలలో, ఊరి పుట్టుక, గుడి మాన్యాలు, ఏలిన దొరల వరుస దొరుకుతాయి గాని, కొలిచి గీసిన హద్దు దొరకదు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన మెకంజీ పేరు మీద ఈ ప్రాంతపు గ్రామాలకు మిగిలినది పటం కాక కథనం కావడం ఒక చిత్రం.

పొలం పొలాన్నీ కొలవవలసిన అవసరం ఆ తరువాత రెండు కారణాల వల్ల వచ్చింది. 1832-33 నాటి కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన దరిమిలా జమీందారీలు అప్పుల్లో కూరుకుపోయి, 1840లలో వాటి స్థితిపై కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ విచారణ జరిగే నాటికి అవి ఒక్కొక్కటిగా ప్రభుత్వం వశమయ్యాయి. జమీందారు మధ్య నుంచి తప్పుకోగానే రైత్వారీ పద్ధతిలో, అంటే ప్రభుత్వం ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతిలో, ప్రతి కమతానికి విడిగా విస్తీర్ణం తెలియవలసి వచ్చింది. రెండోది కృష్ణ నీరు. బెజవాడ వద్ద 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట నుంచి పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి మీదుగా రేపల్లె, నిజాంపట్నం వైపు, కొమ్మమూరు కాలువగా బాపట్ల వైపు సాగాక, మెట్ట మాగాణిగా మారింది. మాగాణికి తీరువ ఎక్కువ, నీటి పన్ను ఎకరం లెక్కన. ఎకరం తేలనిదే పన్ను తేలదు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ సర్వే శాఖ ఏర్పడడం ఈ అవసరాల కొనసాగింపే.

ఆ శాఖ వాడిన గొలుసు పొడవు 66 అడుగులు, దానిలో వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం కాబట్టి, వెయ్యి చదరపు లింకులు సరిగ్గా ఒక సెంటు అవుతుంది. నేటికీ తెనాలిలో ఇంటి స్థలాన్ని, రేపల్లెలో పొలాన్ని సెంట్లలో బేరమాడుతున్నారంటే అది ఆ గొలుసు పెట్టిన లెక్కే. ప్రతి సర్వే నంబరుకు క్షేత్ర కొలతల పుస్తకంలో, అంటే నేటి సర్వేయర్లు ఎఫ్ఎంబీ అని పిలిచే దానిలో, ఒక పుట ఉంటుంది. పొలానికి ఒక మూల నుంచి ఎదురు మూలకు గొలుసు లాగి, ఆ గీత మీద ఫలానా లింకు దగ్గర నుంచి లంబంగా కుడికి ఇన్ని లింకులు, ఎడమకు ఇన్ని లింకులు అని మిగిలిన మలుపులను గుర్తించేవారు. లంబం సరిగా పడడానికి క్రాస్ స్టాఫ్ అనే చిన్న చెక్క పరికరం, అందులో ఒకదానికొకటి అడ్డంగా కోసిన రెండు చీలికలు, వాటి గుండా కంటి చూపు, ఇవి చాలు. ఈ పద్ధతిలో పొలం త్రిభుజాలుగానూ, సన్నని పట్టీలుగానూ విడిపోతుంది గనుక వైశాల్యం గుణకారం, కూడికలతో తేలుతుంది. ఇందులో గమనించవలసినది, ఆ పుట మీద గీత కన్నా గీత పక్కన రాసిన అంకెకే ప్రమాణం ఎక్కువ. కాగితం తడికి ఉబ్బినా, ఎండకు ముడుచుకున్నా, స్కానర్ మీద వంకరగా పడినా 412 లింకులు 412 లింకులుగానే ఉంటుంది.

గ్రామ పటం సంగతి వేరు. ఎఫ్ఎంబీలోని పొలాలన్నిటినీ కూర్చి, ఊరి పొలిమేర చుట్టూ థియోడొలైట్‌తో కోణాలు కొలిచి వేసిన చట్రంలో అమర్చి గీసిన ఈ పటం సాధారణంగా మైలుకు 16 అంగుళాల స్కేలులో, అంటే నేల మీది 3,960 పాళ్లను ఒక పాలుకు కుదించి, ఉంటుంది. దాని మీద కలం గీత మందం అర మిల్లీమీటరు అయితే నేల మీద అది రెండు మీటర్లు. వంద మీటర్ల పొడవున్న గట్టు రెండు మీటర్లు పక్కకు జరిగిందనుకుంటే తేడా రెండు వందల చదరపు మీటర్లు, దాదాపు ఐదు సెంట్లు. డెల్టా మాగాణిలో ఐదు సెంట్లకు అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు లేకపోలేదు.

ఈ గ్రామ పటాలకు భూగోళంపై చిరునామా ఉండదు. ఊరి లోపల పొలానికి పొలానికి ఉన్న సంబంధాన్ని చెప్పడమే వాటి పని. అక్షాంశ రేఖాంశాలు చెప్పే పని సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలిచి ప్రారంభించిన త్రికోణ సర్వే మీద ఆ పటాలు నిలిచాయి. ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పున విడగొట్టిన ఆ వరుసలో 16వ అక్షాంశం రేపల్లెకు కొద్దిగా దక్షిణంగా పోతుంది. అందువల్ల తెనాలి, రేపల్లె 65డి పటంలోనూ, బాపట్ల 66ఎ పటంలోనూ పడ్డాయి. తీరం నుంచి సుమారు 80 కిలోమీటర్ల మేర ఉన్న ప్రాంతపు పటాలను రక్షణ కారణాల మీద చాలాకాలం నిషిద్ధ కోవలో ఉంచడంతో, ఈ మూడు పట్టణాల వివరమైన పటం సామాన్యుడికి అందుబాటులో ఉండేది కాదు. 2005 జాతీయ పట విధానం పౌరుల కోసం వేరే పటాల శ్రేణిని ప్రకటించిన తరువాతనే ఆ పట్టు సడలింది.

పాత స్థలాకృతి పటం మీద జీపీఎస్ గీతను నేరుగా పరిస్తే మరొక చిక్కు ఎదురవుతుంది. భూమి సరైన గోళం కాదు గనుక, పటం గీసేవారు దానికి బదులు లెక్కకు లొంగే ఒక నొక్కుడు గోళాన్ని ఊహించుకుంటారు. భారతదేశపు పాత పటాలకు ఆధారం 1830లో జార్జి ఎవరెస్ట్ నిర్ణయించిన గోళం. జీపీఎస్‌కు ఆధారం డబ్ల్యుజీఎస్ 84 అనే మరొకటి. ఈ రెండింటి మధ్య సవరణ చేయకపోతే, ఒకే అక్షాంశ రేఖాంశ అంకెలు గుంటూరు తీరంలో వంద మీటర్లకు మించిన దూరంలో ఉన్న రెండు వేర్వేరు చోట్లను చూపుతాయి. బాపట్ల స్టేషన్ దగ్గర నడిచిన గీత పక్క వీధిలోనో పొలంలోనో పడడం పరికరం తప్పు కాదు.

గ్రామ పటం లాంటి, చిరునామా లేని పటం మీద నడిచిన దారిని పరచడం మొదట బాగా సాధన చేసినవారు సర్వేదారులు కాదు, ఆటగాళ్లు. స్వీడన్‌లో పుట్టి, 1961 నుంచి అంతర్జాతీయ సమాఖ్య కింద నడుస్తున్న ఓరియంటీరింగ్ అనే ఆటలో, పటం, దిక్సూచి మాత్రమే పట్టుకొని అడవిలో గుర్తించిన స్థలాలను వరుసగా చేరుకోవాలి. చేతి గడియారంలోకి జీపీఎస్ వచ్చాక, పరుగు ముగిసిన తరువాత తమ గీతను స్కాన్ చేసిన పటం మీద వేసి, ఎక్కడ దారి తప్పామో వెతుక్కోవడం ఆ ఆటగాళ్లకు అలవాటైంది. అందుకు వారు పటంలోనూ గీతలోనూ స్పష్టంగా కనిపించే రెండు మూడు చోట్లను, ఒక దారుల కూడలినో వంతెననో, ఒకదానికొకటి కలిపి గుచ్చుతారు; మిగిలిన పటమంతా ఆ గుచ్చుల మధ్య జరిగి, తిరిగి, సాగి సర్దుకుంటుంది. డెల్టా గ్రామ పటానికి కావలసినదీ ఇదే. మూడు చోట్లు దొరికితే పటాన్ని జరపడం, తిప్పడం, పొడవు వెడల్పులను వేరువేరుగా సాగదీయడం సాధ్యం. కాగితం ఒకచోట ముడుచుకొని మరొకచోట సాగి ఉంటే ఇంకా ఎక్కువ చోట్లు కావాలి.

అయితే ఏ చోట్లను నమ్మాలన్నదే అసలు ప్రశ్న. పశ్చిమ డెల్టాలో ఎక్కడ చూసినా కాలువలే కనబడతాయి గనుక అనుభవం లేనివారు కాలువ గట్టును ఎంచుకుంటారు. కాని గట్లు వెడల్పయ్యాయి, కోతకు గురయ్యాయి, కొన్నిచోట్ల రోడ్లయ్యాయి. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన ట్రైజంక్షన్ రాయి దొరికితే అంతకన్నా మేలైనది లేదు. సర్వే, సరిహద్దుల చట్టం 1923 నుంచి రాళ్లను కాపాడే బాధ్యతను భూమి హక్కుదారుల మీద ఉంచినా, ట్రాక్టరు దున్నకానికి, ఇళ్ల పునాదులకు ఎన్నో రాళ్లు పోయాయి. రాయి ఎక్కడ ఉండేదో నోటితో చెప్పగల కరణం పదవి 1984లో రద్దయింది. కరణాల పెత్తనం పోవడం ఊళ్లకు మంచిదే అయినా, దానితో పాటు నేల మీది గుర్తుల జ్ఞాపకమూ పోయిందన్నది నిజం. రాయి లేనిచోట పాత గుడి, కాలువ లాకు కట్టడం, బాగా పాతదైన బావి కొంత నమ్మదగినవి.

పటాన్ని ఇలా కుదిర్చాక గీత చెప్పే సంగతులలో డొంకల సంగతి మొదటిది. పొలాల నడుమ బండ్లు, పశువులు నడిచే ఉమ్మడి దారిని ఈ ప్రాంతంలో డొంక అంటారు; గ్రామ పటంలో అది పోరంబోకుగా, ఎవరి పట్టాలోనూ చేరని ప్రభుత్వ భూమిగా, వెడల్పుతో సహా కనిపిస్తుంది. నేడు రైతు పొలానికి వెళ్లే దారిలో నడిచిన గీతను ఆ పటం మీద వేస్తే, అది డొంక మధ్యగా పోవలసినది ఒక అంచును పట్టుకొని పోవడం, ఒక్కోచోట పక్క పట్టాలోకే దిగడం బయటపడుతుంది. డొంకను రెండు వైపులా ఏడాదికి కొంత చొప్పున చెక్కి కలుపుకున్నవారు ఎవరో పటం చెప్పదు, ఎంత చెక్కారో మాత్రం చెబుతుంది.

నదీ తీరంలో విషయం మరింత తీవ్రం. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల్లో, అంటే కృష్ణ పాయల మధ్యనూ ఒడ్డునూ మేట వేసిన ఒండ్రు భూముల్లో, నది ఒక వైపు కోసి మరో వైపు పోస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు ఈ లంకలన్నీ ముంపు చూశాయి. అటువంటి చోట ఒడ్డు వెంట నడిచిన గీతకూ పటంలోని ఒడ్డుకూ పొంతన ఉండాలని ఆశించడమే పొరపాటు. పటంలో సర్వే నంబరు ఉన్నచోట నీళ్లు, నీళ్లు గీసినచోట పైరు ఉండవచ్చు. సూర్యలంక, నిజాంపట్నం తీరంలో ఇసుక దిబ్బలు, మడ అడవుల అంచులు కూడా ఇలాగే కదులుతాయి.

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతాలలో కావాలని పెట్టిన కల్తీని తీసివేసేదాకా వంద మీటర్ల దాకా తప్పు చూపే జీపీఎస్ పరికరానికి పొలం గట్టుతో పని ఉండేది కాదు. నేటి ఫోను ఆకాశం తెరిపిగా ఉన్నచోట మూడు నుంచి ఐదు మీటర్లలోపు చెబుతుంది. అరటి తోటల్లో, కొబ్బరి చెట్ల కింద అంతకన్నా తప్పుతుంది. డొంకను గుర్తించడానికి అది చాలు, సెంటును తేల్చడానికి చాలదు. సెంటుకు కావలసినది రోవర్ అనే పరికరం. తన స్థానం ముందే కచ్చితంగా తెలిసి, నిరంతరం సంకేతాలను గమనిస్తుండే స్థిర కేంద్రం పంపే సవరణలను అందుకొని అది సెంటీమీటర్లలో స్థానం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభించిన సమగ్ర రీసర్వే ఈ పరికరాల మీద, డ్రోన్ చిత్రాల మీద ఆధారపడింది. అది నడుస్తుండగానే, 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. 1904 నుంచి ఒకే జిల్లాలో ఉన్న పటాలు రెండు కలెక్టరేట్ల కింద సర్దుకోవలసి వచ్చింది.

రీసర్వేలో పాత సర్వే నంబరు స్థానంలో ల్యాండ్ పార్సిల్ పటం, అంటే ఎల్పీఎం, వచ్చింది. సబ్‌డివిజన్ కాగితాల్లో జరిగి నేల మీద జరగనిచోట, గట్టు లేని అన్నదమ్ముల వాటాలన్నీ ఒకే ఉమ్మడి ఎల్పీఎంగా పడ్డాయన్న ఫిర్యాదులు రాష్ట్రమంతటా వచ్చాయి. డ్రోన్‌కు గట్టు కనిపిస్తుంది, ఒప్పందం కనిపించదు. ఎఫ్ఎంబీలో మాత్రం గట్టు పోయినా అంకె మిగిలి ఉంటుంది. భూమి హక్కులను ఖరారు చేయడానికి తెచ్చిన భూ హక్కు చట్టం 2024లో రద్దయింది; రీసర్వే మాత్రం కొంతకాలం నిలిచి మళ్లీ మొదలైంది. ఇప్పటికీ హద్దు తగవు వచ్చి ఎవరైనా ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే సరిహద్దు కొలిచి చూపమనే అర్జీ, పెట్టుకుంటే, సర్వేయరు పాత ఎఫ్ఎంబీ పుటనే తెరిచి, అందులోని ప్రతి లింకును 0.201168తో గుణించి మీటర్లలోకి మార్చి, దొరికిన రాయి దగ్గర నుంచి రోవర్‌తో ఆ దూరాలను నేల మీద పెడతాడు.