వాన ఆగాలి, కూత దూరాలి

1889లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎనిమిదేళ్ల లుడ్విగ్ కోచ్ తన పెంపుడు షామా పిట్ట పాటను ఎడిసన్ యంత్రంలో మైనపు గొట్టం మీద పట్టాడు. మనకు తెలిసిన తొలి పక్షిపాట రికార్డింగ్ అదే. అది ఇంట్లో పిట్ట కాబట్టి వానతో పేచీ లేదు. అడవికి వెళ్లాకే పేచీ మొదలైంది.

1935లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థర్ అలెన్, పీటర్ పాల్ కెలాగ్ బృందం ఐవరీ-బిల్డ్ వడ్రంగిపిట్ట కోసం లూసియానా అడవులకు వెళ్లింది. బురదలో ట్రక్కు కదలనంటే యంత్రాలను కంచరగాడిదల బండికెక్కించారు. ఆ పిట్ట గొంతు ఈనాటికీ వినగలుగుతున్నామంటే ఆ బండి చలవే. అప్పట్లో రికార్డర్ తడవకుండా కాచుకున్నది పక్కనున్న మనిషే.

మనిషి లేకుండా నెలల తరబడి చెట్టుకు వేలాడే రికార్డర్లు వచ్చాక ఆ పని పెట్టె మీద పడింది. సాంగ్ మీటర్ వంటి తొలితరం పరికరాల్లో మైకులు పెట్టె బయటికి పొడుచుకొచ్చి ఉండేవి, వాటికి స్పాంజి తొడుగులు. స్పాంజి నానితే శబ్దం మందగిస్తుంది.

2017లో వచ్చిన ఆడియోమాత్ రికార్డర్ అంటే 58 మిల్లీమీటర్ల పొడవున్న బోర్డు, మూడు పెన్సిల్ సెల్లులు, అంతే. చాలామంది దాన్ని జిప్ కవర్లో పెట్టి వేలాడదీశారు. చౌకే, కానీ కవరు మీద పడే ప్రతి చినుకూ డప్పు దెబ్బే. పోనీ గట్టి డబ్బాలో పెడదామంటే లోపలి గాలి తన సొంత రాగం కలుపుతుంది. ఖాళీ బిందెలో నోరు పెట్టి మాట్లాడి చూడండి, కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని అణుగుతాయి. గబ్బిలాల అతి సన్నని శబ్దాలకు దెబ్బ మరీ ఎక్కువ.

దారి చూపింది బట్టల్లో పేరు తెచ్చుకున్న ఒక పొర. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ పదార్థాన్ని చటుక్కున లాగి సాగదీస్తే, నీటిచుక్క దూరలేని సన్నని రంధ్రాల పొర తయారైంది. ఇలాంటి పొరను మైకు ముందు బిగిస్తే నీరు ఆగుతుంది, పొర వణికి శబ్దాన్ని లోపలికి అందిస్తుంది. అందుకే అది పలచగా, తేలిగ్గా ఉండాలి, వేలితో నొక్కకూడదు. ఆడియోమాత్‌కు తర్వాత వచ్చిన పెట్టెలో ఉన్నది ఈ ఏర్పాటే. అయినా రాత్రి చలికి లోపల చెమ్మ పడుతుంది, సిలికా జెల్ పొట్లం తప్పదు.

పెట్టె మారితే అందే శబ్దమూ మారుతుంది. కాబట్టి ఒక ఏడు కవర్లో, మరో ఏడు డబ్బాలో రికార్డు చేసి కూతలు తగ్గాయనడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. 1986లో కడప ప్రాంతంలో మళ్లీ కనిపించిన కలివికోడి సంగతే చూడండి. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట మునిమాపు దాటాక కాసేపే కూస్తుంది. ఆ కాసేపట్లో పెట్టె మింగేసిన కూత లెక్కలోకి పిట్ట లేనట్టుగానే ఎక్కుతుంది.