మీట నొక్కే ముందు: ఫారర్ పార్క్ నుంచి మిగ్-21 దాకా

సింగపూరు లిటిల్ ఇండియాలో రేస్ కోర్స్ రోడ్డు అనే వీధి ఒకటి ఉంది. అరిటాకు మీద చేపతల కూర వడ్డించే భోజనశాలలకు అది ప్రసిద్ధి. ఇప్పుడక్కడ గుర్రాలూ లేవు, పందేలూ లేవు. 1933లో పందేల మైదానం బుకిట్ తిమాకు తరలిపోయాక వీధికి పేరు మాత్రం మిగిలింది. ఫారర్ పార్క్ అని మనం పిలిచే ఆ పాత మైదానానికి భారతీయుల చరిత్రలో ఒక స్థానముంది: 1942 ఫిబ్రవరి 17న బ్రిటిషు సైన్యంలోని భారతీయ సిపాయిలను జపానువారికి అప్పగించింది ఇక్కడే. విమానాల చరిత్రలో దాని స్థానం అంతకంటే పాతది. 1911 మార్చి 16న బెల్జియం దేశస్థుడు జోసెఫ్ క్రిస్టియాన్స్ బ్రిస్టల్ బాక్స్‌కైట్ అనే రెండు రెక్కల విమానాన్ని ఈ మైదానం మీంచే ఎగరేశాడు. సింగపూరు ఆకాశంలో అదే మొదటి విమానం.

అంతకు రెండు నెలల ముందు అదే రకం విమానం నిజాం రాజ్యంలో కూడా ఎగిరింది. 1911 జనవరిలో ఔరంగాబాదు దగ్గర జరిగిన సైనిక విన్యాసాల్లో ఫ్రెంచివాడైన ఆన్రీ జులెరో ఒక బాక్స్‌కైట్‌ను నడిపాడు. ఆ రోజుల్లో ఔరంగాబాదు హైదరాబాదు సంస్థానంలోనిది. కనుక లిటిల్ ఇండియా, దక్కను ప్రాంతం విమానాన్ని చూసింది దాదాపు ఒకే సమయంలో.

ఈ వ్యాసం విమానం ఎగరడం గురించి కాదు, ఎగరడానికి ముందు జరిగే పని గురించి. ఇంజన్ను మేల్కొలపడం అనే ఆ పనికి నూటపదేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది ఇప్పుడు కంప్యూటరు తెర మీద కూడా సాగుతోంది. తెర మీదికి వచ్చేటప్పుడు అందులోంచి ఏం జారిపోయిందన్నది నా ప్రశ్న.

చేతితో తిప్పిన కాలం

బాక్స్‌కైట్‌కు అమర్చిన నోమ్ ఇంజన్ 50 అశ్వశక్తులది. అందులో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటే గిర్రున తిరిగేవి. దానికి కందెనగా వాడింది ఆముదం. మన పల్లెల్లో బండి ఇరుసులకూ దీపాలకూ వాడిన ఆముదమే తొలి విమానాలనూ నడిపిందంటే వింతగా ఉంటుంది కాని, పెట్రోలులో సులభంగా కలవని నూనె కావడం దానికి కలిసివచ్చింది. ఆ ఇంజన్ను మొదలుపెట్టాలంటే నేల మీద ఒక మనిషి నిలబడి ప్రొపెల్లరును చేత్తో తిప్పాలి. తిప్పేవాడూ కూర్చున్నవాడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మాట తప్పితే చెయ్యి తెగుతుంది.

1919 డిసెంబరు 4న ఇదే మైదానంలో రాస్ స్మిత్ బృందం దిగింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు వెళ్తున్న వారి వికర్స్ విమీకి ఈ పందేల మైదానం చాలా ఇరుకు. దిగేటప్పుడు విమానం త్వరగా ఆగాలని మెకానిక్కు బెనెట్ తన చోటు వదిలి, విమానం వీపు మీదుగా పాకి తోక దగ్గరికి చేరాడు. తోక బరువెక్కి విమానం తక్కువ దూరంలో ఆగింది. చరిత్ర పుస్తకాల్లో ముందుగా కనిపించే పేరు పైలటుది. ఆ రోజు విమానాన్ని ఆపింది మాత్రం మెకానిక్కు బరువు.

జెట్ ఇంజన్ మొదటి ఊపిరి

జెట్ ఇంజన్ను చేత్తో తిప్పి మొదలుపెట్టడం కుదరదు. గాలిని లోపలికి పీల్చి, నొక్కి, ఇంధనంతో మండించి, వెనక్కి విసరడం దాని పని. గాలిని నొక్కే కంప్రెసరును తిప్పేది వెనకనున్న టర్బైను. టర్బైనును తిప్పేది మండిన గాలి. అంటే ఇంజన్ నడవాలంటే అది అప్పటికే నడుస్తూ ఉండాలి! ఈ చిక్కుముడిని విప్పడానికి బయటినుంచి ఒక తోపు కావాలి. కంప్రెసరు తగినంత వేగం అందుకున్నాకే ఇంధనం వెలిగించాలి. గాలి చాలకముందే ఇంధనం మండితే వేడి హద్దు మీరి టర్బైను రెక్కలు పాడవుతాయి. మత్తు ఇచ్చే వైద్యులకు ఈ సంగతి కొత్తది కాదు. శస్త్రచికిత్స మధ్యలో కన్నా మొదటి నిమిషాల్లోనే వారి కళ్ళు అంకెల మీద ఎక్కువగా ఉంటాయి.

ఆ తోపును ఒక్కో దేశం ఒక్కో విధంగా ఇచ్చింది. బ్రిటన్ తయారుచేసిన హాకర్ హంటర్ సింగపూరుకు బాగా తెలిసిన విమానం. తెంగా స్థావరంలో 1960లలో బ్రిటిషు వాయుసేన వాటిని నడిపింది. 1970 నుంచి స్వతంత్ర సింగపూరు తన సొంత హంటర్లను నడిపింది. భారత వాయుసేనలోకి అవి 1957లోనే వచ్చాయి. ఆ రకాల్లో తర్వాతివాటిని మేల్కొలపడానికి ఐసోప్రొపైల్ నైట్రేట్ అనే ద్రవాన్ని వాడేవారు. బయటి గాలి అవసరం లేకుండానే మండే ద్రవమది. దాన్నుంచి పుట్టిన వాయువు చిన్న టర్బైనును తిప్పేది, అది పెద్ద ఇంజన్ను తిప్పేది. నిప్పు అంటుకునే ప్రమాదం ఎప్పుడూ ఉండేది కనుక పక్కనే మంటలార్పే సాధనంతో ఒక మనిషి నిలబడేవాడు.

సోవియట్ మిగ్-21ది వేరే దారి. దాన్ని విద్యుత్ మోటారు తిప్పుతుంది. 1963లో చండీగఢ్‌లో భారత వాయుసేన 28వ స్క్వాడ్రన్‌తో మొదలైన ఈ విమానం దేశంలోనే తయారయింది. చట్రం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్ జిల్లా సునాబెడలో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదు బాలానగర్‌లో. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి బాలానగర్ కర్మాగారం 1965లో మొదలైంది ఈ విమానం కోసమే. సునాబెడ విశాఖ మన్యానికి పొరుగు. అంటే ఆ విమానపు గుండె మన సరిహద్దు అవతల, కళ్ళూ చెవులూ మన ఊళ్ళో తయారయ్యాయి.

తెర మీద

2014లో డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటరులో మిగ్-21బిస్ వచ్చింది. ఆకాశనీలం, ఆకుపచ్చ కలిసిన రంగు కాక్‌పిట్, రష్యన్ అక్షరాలు, పలకల నిండా మీటలు. పలక మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది. విమానం అదుపు తప్పి గిరికీలు కొడుతున్నప్పుడు పైలటు కర్రను తోయాల్సిన చోటును చూపే గీత అది. రూపకర్తలు దాన్ని మరవలేదు.

మొదలుపెట్టే వరుస ఇలా ఉంటుంది. ముందు బ్యాటరీ. తర్వాత పరికరాలకు కావలసిన విద్యుత్తును మార్చి ఇచ్చే ఇన్వర్టర్లు, జనరేటర్ల మీటలు. ఇంధన పంపులు ఒకదాని తర్వాత ఒకటి. మంటలార్పే వ్యవస్థ. ఆపు స్థానంలో ఉన్న థ్రాటిల్‌ను విడిపించి కనిష్ఠ వేగానికి జరపాలి. స్టార్ట్ బొత్తాం నొక్కాలి. అప్పుడు ఒకే డయలు మీద రెండు ముళ్ళు కదలడం మొదలవుతుంది, ఈ ఇంజన్లో ఒకదాని వేగంతో మరొకదానికి సంబంధం లేకుండా తిరిగే రెండు ఇరుసులున్నాయి గనుక. ముళ్ళను చూస్తూనే ఉష్ణోగ్రతను కూడా చూడాలి. హెచ్చరిక దీపాలు ఒక్కొక్కటే ఆరుతాయి. పైకప్పు మూసి, గొళ్ళెం వేసి, గాలి చొరబడకుండా బిగించాలి. గైరోలు నిలకడకు వచ్చేదాకా ఆగాలి. ఇన్ని మీటలు నొక్కే ఓపిక లేనివారికి ఒక్క తాళంతో అన్నీ తమంతట తామే జరిగిపోయే వీలూ ఉంది.

సాంకేతికంగా ఇది గొప్ప గ్రంథం. ఒక యంత్రాన్ని వర్ణించడం వేరు, దాని ప్రవర్తనను భద్రపరచడం వేరు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో భారత వాయుసేన మిగ్-21కి వీడ్కోలు చెప్పింది. వస్తుప్రదర్శనశాలల్లో, కూడళ్ళలో దిమ్మెల మీద ఉన్నవాటిలో ఏదీ ఇక ముళ్ళు కదిలించదు. ఆ కదలిక ఇప్పుడు మనకు దొరికేది ఇలాంటి తెరల మీదే.

అయితే ఒక్క చోట నేను ఆగిపోయాను. నేల మీద నుంచి విద్యుత్తు కావాలంటే ఆటగాడు గ్రౌండ్ క్రూ అనే జాబితా తెరిచి ఒక వరుస ఎంచుకోవాలి. అంతే. నిజమైన విమానం దగ్గర ఆ ఒక్క వరుసలో ఎంతమంది ఉండేవారు! ముక్కు దగ్గరి గాలి ద్వారానికి కప్పిన మూత తీసినవారు, సీటు పేలకుండా పెట్టిన పిన్నులు లెక్కపెట్టి చూపినవారు, కేబులు తగిలించినవారు, చక్రాల అడ్డు దిమ్మలు లాగినవారు, చేతి సైగలతో సరే అన్నవారు. 1911లో ప్రొపెల్లరు తిప్పిన మనిషి వారసులు వీరు. సిమ్యులేటరు యంత్రాన్ని అచ్చంగా దించి, మనుషులను ఒక జాబితాగా మార్చింది.

జాబితా, గొంతు

జాబితాలకూ ఒక చరిత్ర ఉంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డులో బోయింగ్ మోడల్ 299 లేచిన కాసేపటికే కూలింది. నేల మీద ఉన్నప్పుడు తోక పలకలు గాలికి కొట్టుకోకుండా వేసే గడియను తీయడం మరిచారు. నడుపుతున్న మేజర్ ప్లోయర్ హిల్ అనుభవజ్ఞుడు. ఒక్క మనిషి జ్ఞాపకానికి మించిన యంత్రం వచ్చిందని గ్రహించి, అప్పటినుంచి చెక్‌లిస్టులను విధిగా పాటించారు. ఆ పద్ధతి డెబ్భై ఏళ్ళ తర్వాత మా వృత్తిలోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్స చెక్‌లిస్టును ప్రకటించింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షిస్తే మరణాల శాతం 1.5 నుంచి 0.8కి తగ్గింది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే అంశం మందులకో పరికరాలకో సంబంధించింది కాదు. కత్తి పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరూ పనీ చెప్పాలి. పేరు చెప్పుకున్న మనిషి తర్వాత తప్పు కనిపిస్తే నోరు విప్పుతాడు. చెక్‌లిస్టును బ్రతికించేది ఆ రెండో గొంతు. తెర మీద లేనిది అదే.

సిమ్యులేటరును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎడ్విన్ లింక్ 1929లో ఆర్గన్ వాద్యాల గాలితిత్తులతో తయారుచేసిన శిక్షణ యంత్రాన్ని మొదట్లో ఆటబొమ్మగా చూశారు. 1934లో టపా మోసే పైలట్లు వరుసగా మరణించాక అమెరికా సైన్యం వాటిని కొన్నది. మన అనుభవమూ వేరు కాదు. 2012లో రక్షణ మంత్రి పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం నాలుగు దశాబ్దాల్లో 482 మిగ్ విమానాలు ప్రమాదాలకు గురయ్యాయి, 171 మంది పైలట్లు మరణించారు. ఇవి అన్ని రకాల మిగ్‌ల లెక్కలు. నిదానమైన శిక్షణ విమానం నుంచి నేరుగా మిగ్-21లోకి ఎక్కే యువకులకు నడుమ ఒక మెట్టు కావాలని లా ఫాంటైన్ సంఘం 1982లోనే చెప్పింది. ఆ మెట్టయిన హాక్ విమానానికి ఒప్పందం కుదిరింది 2004లో. బీదర్ స్థావరంలో అది సేవలో చేరింది 2008లో. నేర్చుకునే మెట్టు ఇరవయ్యారేళ్ళు ఆలస్యమైతే దాని ఖరీదు ఎలా ఉంటుందో ఆ లెక్కల్లో కొంత కనిపిస్తుంది.

పైలట్ల జ్ఞాపకాలు ఆంగ్లంలో కొన్నయినా పుస్తకాలుగా వచ్చాయి. బాలానగర్‌లో ఆ పరికరాలకు టంకం పెట్టినవారు, సునాబెడలో టర్బైను రెక్కలను కొలిచినవారు, వాయుసేన స్థావరాల్లో మండుటెండలో కేబులు పట్టుకుని నిలబడినవారు ఇప్పుడు డెబ్భైలలో, ఎనభైలలో ఉన్నారు. వారిలో తెలుగువారు ఎందరో. వారి పిల్లలు కొందరు ఇంజనీర్లూ వైద్యులూ అయి విదేశాల్లో స్థిరపడ్డారు. ఈ వ్యాసం చదువుతున్న మీలో కూడా అలాంటివారు ఉండి ఉంటారు.

వారిని అడగవలసిన ప్రశ్నలు రహస్యాలకు సంబంధించినవి కావు. పొద్దున్నే విమానం దగ్గరికి వెళ్ళగానే మొదట ఏది చూసేవారు? ఇంజన్ సరిగా లేవడం లేదని చెవికి ఎలా తెలిసేది? పైలటుకు వద్దని సైగ చేసిన రోజు ఏం జరిగింది? రష్యన్ పేర్లున్న పనిముట్లను మీలో మీరు తెలుగులో ఏమని పిలుచుకున్నారు? చివరి ప్రశ్నకు జవాబు ఏ సిమ్యులేటరులోనూ దొరకదు. యంత్రం పద్ధతిని ప్రోగ్రామర్లు భద్రపరిచారు. ఆ మాటలను రాసిపెట్టవలసింది మనమే. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు మొదటి ప్రశ్న అడిగితే చాలు, మిగిలినవి వారే చెబుతారు.