‘సర్వర్ డౌన్’ అని ముందు ఎవరికి తెలియాలి?

‘సర్వర్ డౌన్’. ఈ మాట తెలియని మనిషి మన దగ్గర ఉండరు. కీసర దగ్గర ఊళ్లో ఒకాయన పని మానుకుని సర్టిఫికెట్ కోసం వస్తాడు. కౌంటర్‌లో ఈ మాట చెప్తారు. అంతే, ఆ రోజు కూలి పోయినట్టే. మరి సర్వర్ ఆగిందని ఆయన కంటే ముందు తెలియాల్సింది ఎవరికి? దాన్ని నడిపేవాళ్లకి. ఇవాళ ఆ కథే చూద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అప్పుడు ఏ ఆఫీసు సర్వర్ ఆ ఆఫీసులోనే. ఆగితే అక్కడొక్కచోటే పని ఆగేది. తర్వాత 2001లో ఈసేవ, 2011లో మీసేవ. కౌంటర్లు ఊరూరా వచ్చాయి, వెనక సర్వర్లు మాత్రం ఒక్కచోటికి చేరాయి. సౌకర్యం పెరిగింది. కానీ అక్కడ ఆగితే ఇక్కడ అన్ని క్యూలూ ఆగుతాయి.

సర్వర్ బతికుందా అని అడిగే పాత పద్ధతి ‘పింగ్’. 1983 డిసెంబర్‌లో అమెరికాలో మైక్ మూస్ రాశాడు. ఒక చిన్న ప్యాకెట్ పంపు, జవాబు వస్తే మెషిన్ ఉన్నట్టు. కానీ షాపు షట్టర్ ఎత్తి ఉన్నంత మాత్రాన కౌంటర్‌లో మనిషి ఉన్నట్టు కాదు కదా!

1999లో ఈథన్ గాల్‌స్టాడ్ ‘నెట్‌సెయింట్’ రిలీజ్ చేశాడు. ఇందులో అసలు ప్రోగ్రామ్‌కి వెబ్‌సైట్ గురించి ఏమీ తెలియదు. చెక్ చేసేది ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్. అది ఒక లైన్ మెసేజ్, ఒక అంకె తిరిగి ఇస్తే చాలు. 0 అంటే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అంటే తెలియదు. ఏ లాంగ్వేజ్‌లో రాసినా పర్లేదు.

ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల 2002లో దాని పేరు ‘నాగియోస్’ అయింది. 2009లో కొందరు విడిపోయి ‘ఐసింగా’ మొదలుపెట్టారు. 2014లో ప్లగిన్లు రాసే టీమ్‌కీ కంపెనీకీ చెడి, వాళ్లు ‘మానిటరింగ్ ప్లగిన్స్’ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. ఇన్ని గొడవలైనా ఆ నాలుగు అంకెలు మారలేదు. అందుకే పాత ప్లగిన్ కొత్త సిస్టమ్‌లోనూ నడుస్తుంది.

ఉప్పల్‌లోనో నాచారంలోనో మీ షాపుకి వెబ్‌సైట్ ఉందనుకోండి. ‘చెక్ హెచ్‌టీటీపీ’ అనే ప్లగిన్ పెట్టేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఒకటి, దాన్ని వేరే మెషిన్‌లో పెట్టండి. సైట్ ఉన్న సర్వర్‌లోనే పెడితే, అది ఆగినప్పుడు చెప్పేవాడూ ఉండడు. రెండు, పేజీలో తప్పకుండా కనిపించాల్సిన ఒక మాట ఇచ్చి, అది ఉందో లేదో వెతకమనండి. ఎందుకంటే సైట్ వేరే పేజీకి మళ్లించినా, మామూలు సెట్టింగ్‌లో ఈ ప్లగిన్ ఓకే అనే అంటుంది. మూడు, ఒక్కసారి ఫెయిలైతే కాదు, వరసగా మూడుసార్లు ఫెయిలైతే మెసేజ్ పంపమనండి. లేకపోతే ఊరికే మోగే అలారాన్ని నాలుగో రోజు ఎవరూ పట్టించుకోరు.

పింగ్ అడిగింది ‘మెషిన్ ఉందా?’ అని. ప్లగిన్ అడగాల్సింది ‘వచ్చిన మనిషి పని అవుతుందా?’ అని. గ్రీన్ లైట్ వెలుగుతుంటే సరిపోదు, క్యూ కదలాలి.

మీ సైట్‌లో వెతకాల్సిన ఆ ఒక్క మాట ఏది? కామెంట్‌లో చెప్పండి.