సొంత శనివారం: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్సుల పునర్వ్యవస్థీకరణ, స్వతంత్ర జట్ల ప్రశ్న

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌ను మన అంతర్ కళాశాలల పోటీలతో పోల్చి చూస్తే దాని స్వరూపం అంతుపట్టదు. శరత్కాలంలో ప్రతి శనివారం స్టేడియాలు నిండుతాయి, కొన్నిచోట్ల లక్షమందికి పైగా కూర్చుంటారు. ఆ ఆటలు చూపించే హక్కు కోసం టెలివిజన్ సంస్థలు ఏటా వందల కోట్ల డాలర్లు చెల్లిస్తాయి. ఇంత వ్యాపారం నడిపేది మాత్రం చదువు చెప్పే సంస్థలే. అవి తమలో తాము కట్టుకున్న కూటములను కాన్ఫరెన్సులంటారు. ఎవరు ఎవరితో ఆడాలో, వచ్చిన సొమ్ము ఎలా పంచుకోవాలో ఆ కూటములే తేలుస్తాయి. పై శ్రేణిలో 2025 నాటికి 130కి పైగా జట్లున్నాయి. వాటిలో ఫుట్‌బాల్‌కు ఏ కాన్ఫరెన్సులోనూ చేరకుండా మిగిలినవి రెండే: ఇండియానాలోని నోటర్ డేమ్, ఈశాన్యాన కనెటికట్. ఈ రెండూ ఎందుకు చేరడం లేదు, చేరాలా వద్దా అన్న చర్చ చాలాకాలంగా ఉన్నదే. అది సాధారణంగా సంప్రదాయానికీ డబ్బుకూ మధ్య తగవుగా సాగుతుంది. నా వాదన వేరు. కాన్ఫరెన్సులో చేరే జట్టు వదులుకునే అసలు ఆస్తి ఆటల పట్టిక మీద ఉన్న అధికారం. దాన్ని సొంతంగా నిలబెట్టుకోగల జట్టు బయటే ఉండాలి, నిలబెట్టుకోలేనిది లోపలికి వెళ్లాలి. ఈ లెక్కన నోటర్ డేమ్ ఇప్పుడు చేరకూడదు. అయితే ఆ నిర్ణయానికి గడువు ఉంది.

ముందు కాన్ఫరెన్సు అనే మాటకే అర్థం మారిపోయిన సంగతి చూడాలి. బిగ్ టెన్‌గా మనకు తెలిసిన కూటమి 1896లో షికాగో కేంద్రంగా ఏడు విశ్వవిద్యాలయాలతో మొదలైంది. రైల్లో వెళ్లి ఆడి రాగల దూరం, దాదాపు ఒకే తీరు విద్యాప్రమాణాలు, ఎవరు విద్యార్థో ఎవరు కిరాయి ఆటగాడో తేల్చే నియమాలు దానికి పునాది. ఇరుగుపొరుగుల కట్టుబాటు అది. ఆ కట్టుబాటు ఒక్కసారిగా తెగలేదు. 1984లో సుప్రీంకోర్టు, ఓక్లహోమా విశ్వవిద్యాలయం వేసిన కేసులో, ప్రసారాల మీద కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ చెలాయిస్తున్న గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అంతవరకూ ఒక జట్టు రెండేళ్లలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదన్న నిబంధన ఉండేది. అది పోవడంతో హక్కులు బడుల చేతికి వచ్చాయి, బడులు వాటిని కాన్ఫరెన్సుల చేతిలో పెట్టాయి. అప్పటివరకూ స్వతంత్రంగా వెలిగిన పెన్ స్టేట్, ఫ్లోరిడా స్టేట్, మయామీ, సౌత్ కరొలైనా 1990ల మొదటి మూడు నాలుగేళ్లలో ఏదో ఒక గూటికి చేరాయి. తరువాతి కథ ఇంకా వేగంగా సాగింది. 2021లో టెక్సస్, ఓక్లహోమా ఆగ్నేయ రాష్ట్రాల కూటమి ఎస్‌ఈసీకి వెళ్తామన్నాయి. 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్‌కు మాటిచ్చాయి. 2023 వేసవిలో, 1915 నుంచి పసిఫిక్ తీరాన్ని కలిపి ఉంచిన పాక్-12 వారాల వ్యవధిలో కుప్పకూలింది. చివరికి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో తేలాయి. మన తెలుగు కుటుంబాల పిల్లలు చదివే ఆరిజోనా స్టేట్, హ్యూస్టన్, సిన్సినాటి లాంటి పేర్లు కూడా ఈ కదలికల్లో కొత్త చిరునామాలు వెతుక్కున్నవే. లాస్ ఏంజెలెస్ వాలీబాల్ జట్టు న్యూజెర్సీ దాకా పోయి ఆడవలసిన కూటమిని పొరుగు బంధమని అనలేం. ఇవి ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్మే సంస్థలు. చేరడం అంటే ఒక కుటుంబంలోకి వెళ్లడమనే భావన ఇంకా మాటల్లో మిగిలి ఉంది గానీ ఒప్పంద పత్రాల్లో దాని ఆనవాలు లేదు.

నోటర్ డేమ్ స్వాతంత్ర్యాన్ని చాలామంది అహంకారంగా చూస్తారు. చరిత్ర తిరగేస్తే అది గర్వంతో ఎంచుకున్న దారిగా కనిపించదు, వెలివేతలో నుంచి పుట్టినదిగా కనిపిస్తుంది. 1842లో కాథలిక్ పూజారులు స్థాపించిన ఈ చిన్న విద్యాసంస్థ 1887లో మిషిగన్ జట్టు దగ్గర ఈ ఆట నేర్చుకుంది. తరువాత ఇరుగుపొరుగుల కూటమిలో చోటు అడిగింది, దొరకలేదు. 1910లో మిషిగన్ అప్పటికే ఒప్పుకున్న ఆటను రద్దు చేసుకుంది. అర్హత నియమాల మీద వాదన ఒకవైపు, ఆనాటి కాథలిక్ వ్యతిరేకత మరొకవైపు ఇందుకు కారణాలని చరిత్రకారులు చెబుతారు. పక్కింటివాళ్లు ఆడనంటే దూరం పోయి ఆడటమే దారి. 1913లో ఆ జట్టు వెస్ట్ పాయింట్ వెళ్లి సైనిక అకాడమీని 35–13 తేడాతో ఓడించింది. గస్ డొరైస్ విసిరిన బంతిని క్నూట్ రాక్నీ పరుగెత్తుతూ అందుకోవడం తూర్పు తీరపు పత్రికలకు పెద్ద వార్త అయింది. అదే రాక్నీ శిక్షకుడిగా ఉన్న 1926లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో, 1927లో నావికాదళ అకాడమీ నేవీతో ఏటేటా పోటీలు మొదలయ్యాయి. దేశం నలుమూలలా వలస కాథలిక్ కార్మిక కుటుంబాలు ఆ జట్టును తమదిగా అభిమానించాయి. సౌత్ బెండ్ అనే ఒక మధ్యతరహా పట్టణంలోని జట్టుకు న్యూయార్క్‌లో, బోస్టన్‌లో, షికాగోలో సొంత ప్రేక్షకులు ఏర్పడింది ఇలాగే. ఇక్కడ కార్యకారణ క్రమం ముఖ్యం: ప్రేక్షకులు ఉన్నారు కాబట్టి దేశమంతా తిరగలేదు, దేశమంతా తిరిగింది కాబట్టి ప్రేక్షకులు వచ్చారు. అందుచేత 1999లో బిగ్ టెన్ నుంచి పిలుపు వచ్చినప్పుడు ధర్మకర్తల మండలి కాదనడాన్ని పాత పగ అనుకోనక్కర్లేదు. ఆడవలసిన ఆటల్లో ఎక్కువ భాగం ఒకే ప్రాంతంలో ముగిసిపోతే, ఆ ప్రేక్షకులను పెంచిన వేరే తెగిపోతుందన్న గ్రహింపు అందులో ఉంది.

ఈ ఆస్తికి చట్టబద్ధమైన రూపం 1990లో వచ్చింది. అప్పటికి పెద్ద బడులు ఉమ్మడిగా హక్కులు అమ్ముకుంటున్న సంఘం నుంచి నోటర్ డేమ్ విడిపోయి, సొంత మైదానంలోని ఆటలను ఎన్‌బీసీ టెలివిజన్‌కు ఇచ్చింది. 1991 నుంచి నడుస్తున్న ఆ ఒప్పందాన్ని 2023లో మళ్లీ పొడిగించారు, ఇప్పుడది 2029 దాకా ఉంటుంది. ఇతర క్రీడలకు 2013లో ఏసీసీ గొడుగు కిందికి వెళ్లింది, హాకీకి తరువాత బిగ్ టెన్‌లో చేరింది. ఫుట్‌బాల్‌లో 2014 నుంచి ఏటా సగటున అయిదు ఏసీసీ జట్లతో ఆడుతోంది. కాబట్టి ఇది సంపూర్ణ స్వాతంత్ర్యం కాదు, దాన్ని ఒప్పుకోవాలి. గొడుగు నీడ కావాలి గానీ గొడుగు మోయరని విమర్శకులు అనే మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ అయిదు ఆటల్లో ఏసీసీ మైదానాల్లో జరిగేవాటికి నిండే గ్యాలరీలూ, ఆ ప్రసారాలకు పెరిగే విలువా ఏసీసీవే. ఆశ్రయానికి అద్దె చెల్లుతోంది. ఎంత చెల్లితే న్యాయమో బేరమాడవచ్చు, చెల్లడమే లేదనడం మాత్రం సరికాదు.

అయితే నోటర్ డేమ్‌కు నప్పిన దారి అందరికీ నప్పదు. గత పదిహేనేళ్ల అనుభవం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. మసాచుసెట్స్ 2016 నుంచి 2024 దాకా ఒంటరిగా ఉండి, 2025లో మిడ్-అమెరికన్ కాన్ఫరెన్సుకు తిరిగి వెళ్లింది. ప్రత్యర్థులను ఏటా బతిమాలి తెచ్చుకునే జట్టు చేతిలో ఉన్నది అధికారం కాదు, ఖాళీ పట్టిక. సైనిక అకాడమీ ఆర్మీ దాదాపు ఇరవై ఏళ్ల ఒంటరితనం తరువాత 2024లో అమెరికన్ కాన్ఫరెన్సులో ఫుట్‌బాల్‌కు మాత్రమే చేరింది, మొదటి ఏడాదే టులేన్‌ను 35–14తో ఓడించి ఛాంపియన్ అయింది. దాని చేరికలో గమనించవలసింది ఒక షరతు: అదే కాన్ఫరెన్సులో ఉన్న నేవీతో ఏటా ఆడే పోటీని కాన్ఫరెన్సు లెక్కల్లోకి రానివ్వలేదు. తనకు ప్రాణమైన ఒక్క శనివారాన్ని పక్కన పెట్టుకుని మిగతావి అప్పగించిన ఆ బేరం నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. కనెటికట్ లెక్క తలకిందులు. దాని ఊపిరి బాస్కెట్‌బాల్. 2020లో ఆ ఆట కోసమే, ఫుట్‌బాల్ లేని బిగ్ ఈస్ట్‌కు తిరిగి వెళ్లి, ఫుట్‌బాల్‌ను ఒంటరిగా వదిలింది. 2023, 2024లలో పురుషుల జాతీయ టైటిళ్లు, 2025లో మహిళల టైటిల్ వచ్చాయి. ఫుట్‌బాల్ కోసం ఆ ఇంటిని వదులుకోమనడం అవివేకం. నా వాదనకు కష్టమైన ఉదాహరణ బ్రిగమ్ యంగ్. మత సంస్థ నడిపే బడి, దేశమంతా అభిమానులు, ఇఎస్‌పీఎన్‌తో సొంత ఒప్పందం, అన్నీ ఉన్నాయి. అయినా 2011 నుంచి 2022 దాకా పన్నెండు సీజన్లలో ఒక్కసారి కూడా అగ్రశ్రేణి బౌల్ ఆటకు పిలుపు రాలేదు, 2023లో బిగ్ 12లో చేరింది. ఎందుకంటే సీజన్ చివరి పోటీలను నడిపే ఒప్పందాల్లో దానికి పేరు లేదు. నోటర్ డేమ్‌కు ఉంది. జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ పోటీల యాజమాన్య సంఘంలో పదిమంది కాన్ఫరెన్సు కమిషనర్ల సరసన దాని క్రీడా విభాగాధిపతికి కుర్చీ వేశారు. సొంత ప్రేక్షకులు ఉంటే చాలదు, పత్రంలో సొంత సంతకం కూడా ఉండాలి.

చేరాలనేవారి చేతిలోని బలమైన ఆయుధం ప్లేఆఫ్. 2025 డిసెంబరు 7న ఎంపిక సంఘం, వరసగా పది ఆటలు గెలిచి 10–2తో ఉన్న నోటర్ డేమ్‌ను పన్నెండు జట్ల జాబితా నుంచి వదిలేసి, అదే 10–2తో ఉన్న మయామీని తీసుకుంది. కాన్ఫరెన్సులో లేకపోవడం వల్లే ఈ దెబ్బ తగిలిందని వెంటనే వాదన లేచింది. ఆధారాలు ఆ వాదనను నిలబెట్టవు. మయామీ కూడా కాన్ఫరెన్సు ఫైనళ్ల వారాంతం ఇంట్లోనే ఉంది, ఏసీసీ ఫైనల్ దాకా రాలేదు. ఆ రెంటినీ విడదీసింది సీజన్ మొదట్లో మయామీ 27–24తో గెలిచిన ఒక్క ఆట. ఏసీసీ ఫైనల్ గెలిచిన డ్యూక్‌కు చోటే దక్కలేదు. బ్రిగమ్ యంగ్ పదకొండు గెలుపులతో బిగ్ 12 ఫైనల్‌కు వెళ్లి, టెక్సస్ టెక్ చేతిలో 34–7తో ఓడి బయటే మిగిలింది. రెండేళ్లు వెనక్కి పోతే 2023లో ఫ్లోరిడా స్టేట్ 13–0తో, ఏసీసీ ఛాంపియన్‌గా ఉండి కూడా నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో లేదు. ఇటువైపు 2024లో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16–14తో ఓడిన నోటర్ డేమ్ 11–1తో ప్లేఆఫ్‌కు వెళ్లి, ఇండియానాను, జార్జియాను, పెన్ స్టేట్‌ను దాటి, అట్లాంటాలో ఒహాయో స్టేట్‌తో 34–23 తేడాతో ఓడేదాకా నడిచింది. ఆ ప్రయాణానికి వచ్చిన సుమారు 2 కోట్ల డాలర్లలో కాన్ఫరెన్సు వాటా అంటూ ఎవరికీ పంచవలసిన పని లేకపోయింది. బయట ఉండటం హామీ కాదన్నది నిజం. లోపల ఉండటం కూడా హామీ కాదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

డబ్బు సంగతి తీసిపారేయదగినది కాదు. 2022లో బిగ్ టెన్ కుదుర్చుకున్న ప్రసార ఒప్పందాల విలువ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైమాటే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం బడులు ఆటగాళ్లకు నేరుగా, మొదటి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా, చెల్లించవచ్చు. ఆటగాళ్ల శ్రమకు ఇన్నాళ్లకు దక్కిన ఈ న్యాయం ఆలస్యంగానైనా అవసరమైనదే. ఖర్చు పెరిగినప్పుడు పెద్ద పళ్లెం దగ్గర కూర్చోవాలనిపించడం సహజం. కానీ ఆ పళ్లెంలో అందరికీ సమానంగా వడ్డించే కాలం పోయింది. ఆరెగన్, వాషింగ్టన్ సగం వాటాతో బిగ్ టెన్‌కు వెళ్లాయి. ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్లు ప్రసారాల సొమ్ము వద్దని ఒప్పుకుని ఏసీసీలో చేరింది. కోర్టుకెక్కిన ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్‌లతో 2025 మార్చిలో రాజీపడిన ఏసీసీ, ఎక్కువమంది చూసే జట్టుకు ఎక్కువ వాటా అనే పద్ధతికి మారింది. అంటే కాన్ఫరెన్సులే లోలోపల స్వతంత్రుల లెక్కను అనుసరిస్తున్నాయి. సొంత ప్రేక్షకుల విలువ సొంతంగా అందుకునే జట్టుకు ఇందులో కొత్తగా దొరికేది తక్కువ.

అయినా ఒక్క అభ్యంతరం దగ్గర నా వాదన ఆగి ఆలోచించక తప్పదు, అది పట్టికకే సంబంధించినది. బిగ్ టెన్ ఇప్పటికే లోపలి ఆటలు తొమ్మిది ఆడుతోంది. ఎస్‌ఈసీ 2026 నుంచి తొమ్మిదికి మారుతోంది. పన్నెండు ఆటల సీజన్‌లో బయటివాళ్లకు మిగిలేవి మూడు, అవీ ఎక్కువగా సెప్టెంబరులోనే. అక్టోబరు, నవంబరు శనివారాల్లో పెద్ద జట్టు దొరకడం ఏటేటా కష్టమవుతుంది. 1926లో మొదలైన లాస్ ఏంజెలెస్ పోటీ కొనసాగింపు మీద చర్చలు 2025లో అంత కష్టంగా సాగడానికి కారణం ఇదే: తేదీ ఏమిటన్నది తేల్చే అధికారం అవతలి కాన్ఫరెన్సు చేతికి జారుతోంది. 1913లో వెస్ట్ పాయింట్‌కు రైలెక్కే వీలు ఉంది కాబట్టి వెలివేత బలంగా మారింది. రైళ్లన్నీ ముందే నిండిపోతే ఆ వీలు ఉండదు. ఆ స్థితి పూర్తిగా వచ్చిందని నేను అనుకోవడం లేదు. నేవీ ఉంది, అయిదు ఏసీసీ ఆటలున్నాయి, సెప్టెంబరులో ఎవరైనా ఆడతారు. కానీ ప్రేక్షకులను నిలిపేటంత పట్టికను సొంతంగా పేర్చలేని రోజు వస్తే, పేరు మీద మాత్రమే స్వతంత్రంగా ఉండి ప్రయోజనం లేదు, అప్పుడు ఆర్మీ లాంటి బేరంతో లోపలికి వెళ్లాలి. ఆ బేరానికి అనువైన కాలం కూడా కనిపిస్తోంది. ఎన్‌బీసీ ఒప్పందం 2029లో ముగుస్తుంది. బిగ్ టెన్ ఒప్పందాలు 2029–30 సీజన్‌తో తీరిపోతాయి. ఏసీసీ నుంచి బయటికి పోవడానికి సభ్య జట్టు కట్టవలసిన రుసుము 2030–31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది, కాబట్టి ఆ కూటమి రూపమే అప్పటికి మారవచ్చు. ఆ మూడు గడువులూ ఒక్కచోటికి వచ్చేదాకా నోటర్ డేమ్ బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. ఇప్పుడే సంతకం పెడితే, అవతలివాళ్లు ఇంకా ధర చెప్పకముందే సరుకు అప్పగించినట్లవుతుంది.